చిన్నత్త, బోడికప్పలు

మొన్న మధ్యాహ్నం తొలకరి వాన దంచి కురిసింది. కడపలో మా ఇంటి వెనక ఇంకా ఎవరూ ఇల్లు కట్టని ఖాళీ స్థలంలో నీళ్ళు నిలిచాయి. నేను వంటింట్లో చింతపండు పిసుకుతున్నాను. ఆ నీళ్ళలోంచి బోదురుకప్ప ఒకటి అరిచింది. "అత్తా, లేచినాయి!" అని గట్టిగా అనేశాను. మనవరాలు వచ్చి "ఎవర్ని పిలుస్తాండావు అవ్వా?" అంది. నేను పిలిచిన మనిషి పోయి చాలా ఏళ్ళయింది.

ఆమె మా మామగారి తమ్ముడి భార్య, నాకు చిన్నత్త. నేను కర్నూలు పేటలో పుట్టి, ఎనిమిదో తరగతి దాకా చదివి, కమలాపురానికి అవతల పెన్న ఒడ్డున ఉన్న ఆ ఊరికి కోడలిగా వచ్చాను. కర్నూలు రాజధాని అయిందని అందరూ గొప్పగా చెప్పుకుంటున్న రోజులవి. చిన్నత్త నన్ను ఎగాదిగా చూసి "రాజధాని నుంచి వచ్చినావు, పేడ ఎత్తేదొచ్చునా?" అని అడిగింది. రాదన్నాను. "నిజం చెప్పినావు. పనికొస్తావు" అంది. అంతే, ఆ రోజు నుంచి ఆమె దృష్టిలో నేను "కర్నూలుదాన్ని". నా పేరు ఆమె నోట ఒక్కసారి కూడా వినలేదు.

పొట్టి మనిషి. మొగుడు పోయినప్పుడు ఆమెకు ఇరవై ఏళ్ళు కూడా నిండలేదట. పిల్లల్లేరు. తన వాటాకొచ్చిన ఏటివార పొలాన్ని తానే దగ్గరుండి చేయించుకునేది. బుగ్గన ఎప్పుడూ వేయించిన చింతపిక్క ఒకటి ఉండేది. ఎవరు ఏ తగాదా చెప్పుకున్నా కళ్ళు మూసుకుని వినేది. పిక్క ఈ దవడ నుంచి ఆ దవడకు మారిందంటే తీర్పు అయిపోయినట్టే. ఇక బ్రహ్మదేవుడు దిగివచ్చినా మారదు. ఒకసారి బస్సు కండక్టరు "జరుగు ముసలిదానా" అన్నాడని "ఇంక నీ బండి ఎక్కను" అని దారి మధ్యలో దిగిపోయింది. ఆ కండక్టరు ఉద్యోగం మారాడు, బస్సు పాతబడి మూలన పడింది, కొత్త బస్సు వచ్చింది. ఈమె మాత్రం కమలాపురం సంతకు నడిచే పోయేది. "ఆ బస్సు లేదు గదత్తా" అంటే, "నా మాట ఉండాది గదా" అనేది.

నాకు నవ్వొచ్చేది. కానీ కొన్నాళ్ళకు ఒక సంగతి అర్థమైంది. పెళ్ళికి ఆమెను పిలవరు. పిలిచినా వెనక గదిలో కూర్చోబెడతారు. పొద్దున్నే పనిమీద పోయేవాడికి ఆమె ఎదురొస్తే వాడు ఇంట్లోకి తిరిగిపోయి నీళ్ళు తాగి బయలుదేరతాడు. అలాంటి మనిషి అరుగు ముందు అదే మగవాళ్ళు తలగుడ్డలు తీసి కూర్చుని, "నువ్వు చెప్పు చిన్నమ్మా" అని అడిగేవారు. ఊళ్ళో ఆమెకున్న చోటు ఆ ఒక్క మాటే. అది పోతే ఆమెకు ఇంకేమీ లేదు.

ఆమె పొలం చివర పెన్న ఒంపు తిరిగేచోట ఒక మడుగుంది. ఎండాకాలం పెన్నంతా ఇసుకే అయినా ఆ మడుగు అడుగున మాత్రం తడి ఆరదు. బోదురుకప్పలు ఆ బురదలో దిగి నెలల తరబడి కదలకుండా పడుంటాయి. తొలకరి పడగానే లేస్తాయి. రెండు చేతులకూ నిండేంత కప్పలు. లేచిన గంటా రెండు గంటల్లోనే వాటిలో కొన్నింటి ఒళ్ళు పచ్చగా మారిపోయేది. పసుపు రంగంటే మామూలు పసుపు కాదు, అప్పుడే కొమ్ము నూరి రాసినంత పచ్చన. గొంతుకు రెండు పక్కలా నీలం బుడగలు ఉబ్బుతాయి. పట్టపగలే మడుగంతా మోగిపోయేది. మిగిలినవి మట్టిరంగులోనే ఉండేవి. అవి పెద్దవి, నోరెత్తవు.

ఊరి వాళ్ళకు దీని అర్థం తాతల నాటి నుంచి తెలుసు. వాన పడగానే గంగమ్మ తన ముత్తైదువలకు పసుపు పూస్తుంది, వాళ్ళు అమ్మకు హారతి పాడతారు. పసుపు దక్కనివి బోడికప్పలు, మొగుడు పోయినవన్నమాట. పచ్చది మట్టిదాని వీపెక్కి గట్టిగా పట్టుకుని కూర్చోవడం ప్రతి ఏడూ చూసేవాళ్ళం. దానికీ అర్థం ఉంది. "ముత్తైదువను బోడిది మోస్తాండాది" అనేవాళ్ళు ఆడవాళ్ళు. మా ఇళ్ళలో జరిగేది అదే గనుక ఎవరికీ వింతగా తోచలేదు. చిన్నత్త కూడా నవ్వుతూనే ఆ మాట అనేది. నేను మాత్రం ఆ నవ్వు చూడలేక తల తిప్పుకునేదాన్ని.

వానలు వెనకబడిన ఏడు కప్పతల్లిని తిప్పేవాళ్ళం. తడిగుడ్డలో కప్పను చుట్టి, వేపమండలతో రోకలికి కట్టి, ఇంటింటికీ మోసుకుపోతే ఇల్లాళ్ళు చెంబులతో నీళ్ళు పోసేవారు. బురద తవ్వి కప్పను పట్టేది చిన్నత్త. దానికి ఊపిరాడేలా గుడ్డ చుట్టేది చిన్నత్త. రోకలి పట్టుకునేది మాత్రం మేము, ముత్తైదువలం. ఊరేగింపు ఎదురు రాగానే ఆమె తలుపు చాటుకు తప్పుకునేది. అంతా అయ్యాక, అందరూ కప్పను మరిచిపోయి గుగ్గిళ్ళు పంచుకుంటుంటే, తానొక్కతే వచ్చి ముడి విప్పి దాన్ని మడుగు దాకా తీసుకుపోయి వదిలేది. "మొక్కేది మీరు. ప్రాణంతో ఇంటికి చేర్చేది ఎవురు మరి?" అనేది నాతో.

వరసగా రెండేళ్ళు పంట పోయిన తర్వాత, టోపీ పెట్టుకున్న ఒక కంట్రాక్టరు మద్రాసు నుంచి వచ్చాడు. కప్ప తొడలు ఓడల మీద దూరదేశాలకు పోతాయట, అక్కడి దొరలు తింటారట. ఊరు ముందు ముక్కు మూసుకుంది. తర్వాత గంప గంపకూ ఇంత అని చెప్పేసరికి మూసుకున్న ముక్కు వదిలేసింది. తప్పు పట్టలేను. సంగటి ముద్ద సగానికి చిక్కిన రోజులు. గంపల్ని బండిలో ఎర్రగుంట్ల రైలు దాకా చేర్చే పని మా ఆయన ఒప్పుకున్నాడు. ఆ పని మీదే మా పొయ్యి వెలిగింది.

మడుగుకు దారి చిన్నత్త పొలంలోంచే. ఆమె ఒప్పుకోవాలి. అందరూ ఒడ్డున, గంగమ్మ అని మొక్కే రాయి దగ్గర కూడారు. ఆమె కళ్ళు మూసుకుని కంట్రాక్టరు చెప్పిందంతా విన్నది. పిక్క దవడ మారింది.

"పసుపు కప్పను తాకితే చెయ్యి నరుకుతా. అవి గంగమ్మ బిడ్డలు. బోడివి తీసుకపోండి. వాటి గతి ఎట్లయినా అంతే" అని రాయి మీద చెయ్యి వేసి మాట ఇచ్చింది.

కంట్రాక్టరు టోపీ తీసి నమస్కారం పెట్టాడు. అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నాడో అప్పుడు మాకెవరికీ తట్టలేదు. మట్టివే పెద్దవి, తొడ కండ వాటికే ఎక్కువ. చిన్నత్త మాత్రం ఇంటికొస్తూ దారి పొడుగునా మురిసిపోయింది. "చూసినావా కర్నూలుదానా, మద్రాసు టోపీ మన గంగమ్మ ముందర వంగింది." ఆ ఏడంతా గంపలు పోయాయి. పచ్చవి చెక్కు చెదరలేదు. ఊరు ఆమెను మెచ్చుకుంది.

మరుసటి తొలకరికి కంట్రాక్టరు ఐసు పెట్టెలతో వచ్చాడు. ప్రాణంతో పంపితే సగం దారిలోనే చస్తున్నాయని, ఇక ఒడ్డు మీదే తొడలు కోసి పంపాలని పద్ధతి మార్చాడు. పొద్దున్నే మొదలైన వాన ఇంకా తెరిపివ్వలేదు, మడుగు మోగుతోంది. మట్టి కప్పలు ముందటేడంత లేవు. వీపు మీది పచ్చదాన్ని వేళ్ళతో విడదీసి నీళ్ళలోకి విసిరి, కిందిదాన్ని గంపలో వేస్తున్నారు కుర్రవాళ్ళు. మా ఆయన బండ మీద కూర్చుని కత్తి పట్టాడు.

వానకు తలమీద కప్పుకుంటుందని నేను చిన్నత్తకు గోనెసంచి ఇద్దామని వచ్చాను. ఆమె ఒడ్డునే నిలబడి ఉంది. మా ఆయన కోసిన కప్ప మొండెం జారి ఆమె కాళ్ళ ముందు పడింది. కడుపు తెరుచుకుని అందులోంచి నల్లని గుడ్లు జిగురుతో సహా ఇసుకలోకి కారాయి. ఆవగింజలంత గుడ్లు, గుప్పెళ్ళ కొద్దీ.

ఆమె వంగింది. వేలితో కదిపి చూసింది. పక్కన పడేసిన ఇంకో మొండెం తీసి చూసింది, ఇంకోటి, ఇంకోటి. అన్నింటి కడుపూ అంతే. తల తిప్పి మడుగులోకి చూసింది. అక్కడ ఒక పచ్చది, మోసే వీపు పోయి, అరుస్తూ నీళ్ళలో గుండ్రంగా తిరుగుతోంది.

"కర్నూలుదానా" అంది మెల్లగా. "అవి ముత్తైదువలు కాదే. మొగోళ్ళు."

నేను గోనెసంచి కింద పడేసి ఆమె పక్కన వంగాను.

"బోడివనుకున్నవే తల్లులు. నేను తల్లుల్ని అమ్మించినా."

ఆమె నోట్లోంచి పిక్క తీసి పారేసింది. అలా పారేయడం నేను మునుపెన్నడూ చూడలేదు. చీర కుచ్చిళ్ళు ఎగదోపి నేరుగా మడుగులోకి దిగి, నడుం లోతు నీళ్ళలో కుర్రవాళ్ళకూ కప్పలకూ మధ్య నిలబడింది.

"ఆపండప్పా! ఒక్కటి గూడా పట్టేదానికి ల్యా!"

చేతులు ఆగాయి. కంట్రాక్టరు గొడుగు పట్టుకుని ఒడ్డుకొచ్చాడు. అతని మర్యాద తగ్గలేదు. "అమ్మా, మాట ఇచ్చింది తమరే గదా. దేవుడి రాయి మీద చెయ్యి వేసి చెప్పినారు. నేను పచ్చదాన్ని తాకలేదే" అన్నాడు.

"నువ్వు తాకలా. తప్పు నాది."

మా ఆయన లేచాడు. చేతిలో కత్తి అలాగే ఉంది. "చిన్నమ్మా, మాట మార్చొద్దు. నీ మాట నమ్మి నేను బండి కట్టినా. ఈళ్ళంతా నీళ్ళలో దిగినారు. గంగమ్మ దగ్గర మాట తప్పితే వానలు పోతాయి. ఊరంతా నిన్నే అంటాది."

"అననీ రా."

"ఇంట్లో గింజల్లేవు చిన్నమ్మా!" మా ఆయన అరిచాడు. "కప్పల కోసరం మమ్మల్ని పస్తు పెడతావా?"

ఆయన చెప్పింది నిజం. కుర్రవాడొకడు గంప ఎత్తుకుని ఆమెను పక్కకు నెట్టి పోబోయాడు. ఆమె గంప అంచు పట్టుకుంది. వాడు లాగాడు. ఆమె కాలు జారి గొంతు దాకా నీళ్ళలో మునిగింది, అయినా అంచు వదల్లేదు. మా ఆయన కత్తితోనే అటు దిగుతున్నాడు. ఎవరి మీదికి దిగుతున్నాడో ఆయనకే తెలియదనుకుంటాను. ఏం చేస్తున్నానో ఆలోచించకుండా నేనూ దిగి గంప రెండో అంచు పట్టుకున్నాను.

మా ఆయన నన్ను చూశాడు. నేను ఆయన్ని చూశాను. పెళ్ళయినప్పటి నుంచి ఆయనకు ఎదురు నిలబడింది అదే మొదలు. వాన మొహాల మీద కొడుతోంది. చుట్టూ కప్పల మోత. ఆయన కత్తిని ఇసుకలోకి విసిరేసి బండి వైపు నడిచిపోయాడు. కుర్రవాడు గంప వదిలేశాడు. అది బోర్లా పడి మట్టి కప్పలు మా కాళ్ళ మధ్యనుంచి జారిపోయాయి.

చిన్నత్త తడిసిన చీరతో గంగమ్మ రాయి దగ్గరకు పోయింది. అందరూ వింటుండగా చెయ్యి వేసి, "ఇచ్చిన మాట తిరిగి తీసుకుంటాండా. అరిష్టమొస్తే నా నెత్తినే రానీ తల్లీ" అంది.

కంట్రాక్టరు పెట్టెలు బండికెత్తించుకుంటూ "పెన్న చాలా పొడుగమ్మా" అన్నాడు. కోపం లేకుండానే అన్నాడు. ఈ మడుగు కాకపోతే ఇంకోటి అని దాని అర్థం.

ఊరు ఆమెను తిట్టలేదు, కొట్టలేదు. తగాదాలు చెప్పుకోవడానికి ఇక ఎవరూ ఆమె అరుగు ఎక్కలేదు, అంతే. మాట తప్పిన మనిషిని తీర్పు అడగడమేమిటి? పొలాల గట్లకు ఎండ్రకాయలు బొక్కలు పెట్టి నీళ్ళు కారిపోతుంటే మాత్రం ఆమెను తలుచుకుని గొణిగారు. ఎండ్రకాయల్ని తినే కప్పలు తగ్గాయన్నది ఎవరికీ గుర్తుకు రాలేదు. ఇంట్లో మా ఆయన నాతో అవసరానికి మించి మాట్లాడేవాడు కాదు. మంగంపేట ముగ్గురాయి గనుల్లో కూలికి పోయి గింజలు తెచ్చాడు.

ఆ మరుసటి ఏడు తొలకరికి పచ్చవి లేచాయి. చిన్నత్త, నేను ఒడ్డున కూర్చున్నాం. అవి పొద్దంతా అరిచాయి. ఒక్క మట్టిది కూడా రాలేదు. మేము గంపలోంచి వదిలినవి ఏమయ్యాయో తెలియదు. ఆ తర్వాత ఎవరైనా చాటుగా పట్టారేమో, ఎండకు చచ్చాయేమో. రెండో వానకూ అదే మోత. పచ్చవి కొన్ని ఒకదాని వీపు మీద ఒకటి ఎక్కి, కాదని తెలిసి దిగిపోయేవి. చిన్నత్త చెవులు మూసుకుంది.

"మూడో వానకు వీటి పసుపు పోతాది. ఆలోపల ఏమన్నా చెయ్యాల" అంది.

కేసీ కాలువ పక్క ఊళ్ళలోకి కంట్రాక్టరు ఇంకా రాలేదని సంతలో విని వచ్చింది. నన్ను తోడు రమ్మంది. బండి అడగడానికి ఆమెకు మొహం చెల్లలేదు. నేనే మా ఆయన్ని అడిగాను. ఆయన లేచి ఎద్దుల్ని కట్టాడు.

కాలువ ఊళ్ళో వరిమడి ఉన్న ఒక రైతు ఇంటి ముందు దిగాం. ఇల్లాలు బయటికొచ్చింది. చిన్నత్త బోడి నొసలు చూసి గడపలోనే ఆగింది. "ఏం పనిమీద వచ్చినారమ్మా?" అంది.

"పిల్లనడిగేదానికి" అంది చిన్నత్త.

ఆ ఇల్లాలి మొహం మాడిపోయింది. వాళ్ళింట్లో నిజంగానే పెళ్ళీడు పిల్ల ఉంది. సంబంధం అడగడానికి బోడమ్మను పంపిన వాళ్ళెవరో అని ఆమెకు ఒళ్ళు మండింది. "పోండి! పోండమ్మా ఈడనుంచి!" అని అరిచింది. అప్పుడు మా ఆయన బండి మీదనుంచి దిగి చేతులు జోడించాడు. "మీ బిడ్డను కాదక్కా. మీ మడిలో పెద్ద కప్పలుండాయంటనే, ఆ మట్టిరంగువి. మా ఏట్లో మొగోళ్ళే మిగిలినారు. పోగొట్టింది మేమే. మా చిన్నమ్మ పట్టొద్దని ఆపింది, మేమాగలా" అన్నాడు. అసలు జరిగింది అది కాదు. ఆయన తప్పంతా తన మీద వేసుకున్నాడు. నేను బండి చక్రం పట్టుకుని మొహం అటు తిప్పుకుని ఏడ్చాను.

ఆ ఇల్లాలు మమ్మల్ని మార్చి మార్చి చూసింది. తర్వాత పకపకా నవ్వింది. కొడుకుల్ని పిలిచి మడిలో దించింది.

మూడో వాన మబ్బు కమ్ముతుండగా మడుగు చేరాం. గంపలో తడిగడ్డి మీద మట్టి కప్పలు, పొట్టలు ఉబ్బి, కదలకుండా ఉన్నాయి. ఒడ్డున పచ్చవి ఇంకా అరుస్తున్నాయి గానీ రంగు వెలిసిపోతోంది. ఇవి బతికి గుడ్లు పెడతాయో లేదో, పెట్టినా కంట్రాక్టరు మళ్ళీ రాడన్న నమ్మకమేముందో, ఎవరికీ తెలియదు. అయినా కొత్త కోడళ్ళను ఇంట్లోకి తెస్తున్నాం కదా అనిపించి, కొంగున ముడి వేసి తెచ్చుకున్న పసుపు తీశాను. ఒక కప్ప నొసటికి కాస్త అద్దబోయాను.

చిన్నత్త నా మణికట్టు పట్టుకుంది.

"దానికి పసుపెందుకే?" అంది. "కడుపులో ఒక ఊరినే మోస్తాండాది అది."

గంపను నీళ్ళలోకి వంచింది.